ఆ పోరగాళ్లకు అమ్మలెందుకు ఉండరు?

"కింద పడ్డనే అమ్మా" అన్నాడు మా పెద్దోడు.

సంక్రాంతి ఇంకా మూడు రోజులుంది. నట్టింట్లో పాత ధోతి పరిచి సకినాలు చుడుతున్నాం. నేను, మా అత్తమ్మ, పక్కింటి వదిన, ఎదురింటి అక్క. అందరి చేతులనిండా పిండి. వాడు గోడకు రాసుకుంటూ లోపలి అర్రలోకి జారుకోబోయాడు. ఎడమ కనుబొమ్మ మీద తెల్ల పట్టీ. అంగీ కాలర్ దగ్గర చినిగి వేలాడుతోంది.

బండి మీద నుంచి పడ్డవాడికి మోచేతులు గీరుకుంటాయి, మోకాళ్లు గీరుకుంటాయి. కాలర్ ఎట్లా చినుగుతుంది? పదహారేళ్లుగా వాడి బట్టలు ఉతుకుతున్నదాన్ని, ఆ మాత్రం తెలవదా. కానీ నలుగురి ముందు ఏమనను? "పోయి పండుకో బిడ్డా, పాలు తెస్త" అన్నాను. చేతిలో సకినం మూడో చుట్టు దగ్గర తెగిపోయింది. అత్తమ్మ నా మొహం చూసింది, వాడు పోయిన దిక్కు చూసింది, ఏమీ అనకుండా పిండిలో ఇంకొన్ని నువ్వులు వేసింది.

సంగతి రాత్రి చిన్నదాని ద్వారా బయటపడింది. ఎనిమిదో తరగతి చదివే మా బిడ్డకు అన్న మీద కోపం వస్తే వాడి రహస్యాలన్నీ నా కొంగులో పోస్తుంది. "మమ్మీ, అన్న కింద పడలే. వీళ్ల బ్యాచ్, వాళ్ల బ్యాచ్ కొట్టుకున్నరు. ఇన్‌స్టాల ఉన్నది చూడు" అని తన ఫోను నా ముందు పెట్టింది.

బ్యాచ్ అంటే ఏందో మగపిల్లలున్న తల్లులకు నేను చెప్పక్కర్లేదు. మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం. మా జైనూర్ నుంచి ఉట్నూరుకు పొద్దున బస్సులో పోతాడు, సాయంత్రం బస్సులో వస్తాడు. అదే బస్సులో వెనక సీట్లు ఒక బ్యాచ్‌వి, మెట్ల దగ్గర జాగ ఇంకో బ్యాచ్‌ది. గొడవ ఎక్కడ మొదలైందంటే, టెన్నిస్ బాల్ క్రికెట్‌లో ఒక రనౌట్ దగ్గర. అవుటా, నాటౌటా. అక్కడి నుంచి ఒక మాట, ఆ మాట కింద ఇంకో కామెంటు, ఆ కామెంటుకు ఒక రీలు. ఆ రీలు చూసి నా గుండె జారింది. అందులో ఉన్నది నాగార్జున. సైకిల్ చైన్ పట్టి గుంజే ఆ సీను, అర నిమిషం. దాని కింద మా పెద్దోడు పెట్టిన రాత: "మా దగ్గర కూడా సైకిళ్లున్నయి."

నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. వాడికి సైకిలే లేదు. ఏడో తరగతిలో కొనిస్తే ఆరు నెలలు తొక్కి మూలకు పడేస్తే, తుప్పు పట్టిందని పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

ఇంకో సంగతి. అవతలి బ్యాచ్‌లో ముందు నిలబడ్డ పిల్లగాడు ఎవరో పరాయివాడు కాదు. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా మావాడితో ఒకే బెంచీ. మా ఇంట్లో ఉప్మా అంటే వద్దనేవాడు, అటుకులు పోస్తే రెండు గిన్నెలు తినేవాడు. వాడికీ దెబ్బలు తగిలాయట. చెయ్యి కట్టు కట్టారట.

మా ఆయన దుకాణం కట్టేసి వచ్చేసరికి ఎనిమిది దాటింది. చెప్పకుండా దాచే విషయమా ఇది? చెప్పాను. ఆయన మాట్లాడలేదు, నేరుగా అర్రలోకి పోయి వాడి చెంప మీద ఒకటి ఇచ్చాడు. కుట్లు పడిన దిక్కు కాదు, రెండో దిక్కు. దానికే నేను దేవుడికి మొక్కుకున్నాను. వాడు ఒక్క మాట అనలేదు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

తొమ్మిదయింది, రాలేదు. పది అయింది, రాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేరే ఊర్లో అయితే పోరగాళ్ల కొట్లాట పోరగాళ్ల కొట్లాటే. మా ఊర్లో 2024 సెప్టెంబరు తర్వాత అట్లా లేదు. ఒక ఆదివాసీ ఆడబిడ్డ మీద జరిగిన దారుణం, దాని మీద బంద్, ఆ బంద్ నాడు కాలిన దుకాణాలు, ఇండ్లు, ఊరంతా పోలీసులు, నలుగురు కూడొద్దని ఆంక్షలు, ఇంటర్నెట్ బందు. పేపర్లలో, టీవీల్లో మీరంతా చూసే ఉంటారు. నేనైతే కిటికీలోంచి చూశాను. ఆ రోజుల తర్వాత ఇద్దరు పిల్లలు కాలర్లు పట్టుకుంటే "ఎందుకు కొట్టుకున్నరు" అని ఎవరూ అడగరు. "ఎవరి పిల్లలు?" అని అడుగుతారు. గోండి, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, తెలుగు అన్నీ ఒకే సంతలో వినబడే ఊరు మాది. ఆ ప్రశ్న ఎంత దూరం పోతుందో మాకు తెలుసు. అందుకే ఆ రాత్రి బ్యాటరీ లైటు పట్టుకుని మా ఆయన ఒక దిక్కు, నేను ఒక దిక్కు పోయాం. పదకొండు గంటలకు స్కూలు గ్రౌండులో దొరికాడు. ఒక్కడే, పిచ్ పక్కన సిమెంటు రోలర్ మీద కూర్చుని ఉన్నాడు. చలికి పెదవులు వణుకుతున్నాయి. జనవరిలో మా దగ్గర చలి ఎట్లుంటదో తెలిసినవాళ్లకు తెలుసు. నా శాలువా కప్పి తీసుకొచ్చాను. తోవలో ఒక్కటే అడిగాడు: "నాయిన నిద్రపోయిండా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ చైన్ నన్ను ఎక్కడికో తీసుకుపోయింది.

మా పుట్టిల్లు మంచిర్యాల దిక్కు, సింగరేణి కాలనీ. బాపు బాయి పని. 'శివ' సినిమా 1989 అక్టోబరులో వచ్చింది. నేను చూసింది మరుసటేడు ఎండాకాలంలో. కాలనీలో ఎవరింట్లోనో పెండ్లయితే రాత్రికి కిరాయికి టీవీ, వీసీఆర్ తెచ్చి ఆకిట్లో పెట్టారు. నాకు తొమ్మిదేళ్లు, అన్నకు పదిహేడు. ముందు చాప మీద మేము, వెనక మంచాల మీద పెద్దవాళ్లు. చైన్ సీను రాగానే మగపిల్లలంతా లేచి నిలబడ్డారు. ఈలలు. దాన్ని వెనక్కి తిప్పించి రెండుసార్లు చూశారు. బాపు మధ్యలోనే లేచిపోయాడు, ఫస్ట్ షిఫ్టుకు పోవాలని.

తెల్లారి మా అన్న తన సైకిల్ చైన్ చేతులతో గుంజడానికి కూర్చున్నాడు. అది వస్తుందా? గ్రీజు అంటి, వేళ్లు కోసుకుని, నన్ను కొబ్బరినూనె తెమ్మన్నాడు. అమ్మకు చెప్పొద్దని పది పైసల చాక్లెట్ ఇచ్చాడు. నేను చెప్పలేదు. చెప్తే బాగుండేదా అని ఇప్పటికీ అనుకుంటాను, ఏమీ కాకపోను గానీ.

రెండేళ్లకు డిగ్రీలో వాడూ ఒక బ్యాచ్‌లో ఉన్నాడు. కాలనీ పిల్లలు ఒక దిక్కు, టౌను పిల్లలు ఒక దిక్కు. దేని మీద మొదలైందో ఇవాళ మా అన్ననడిగితే వాడికీ సరిగ్గా గుర్తులేదు, క్యాంటీన్‌లో బల్ల మీద అంటాడు. ఒకనాటి సాయంత్రం హాకీ కట్టెలతో కొట్టుకున్నారు. మా అన్న కుడిచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. అవతలి పిల్లగాడికి ఒక కన్ను చూపు తగ్గింది. ఇద్దరినీ, ఇంకో ఆరుగురినీ స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

అమ్మ మూడు రోజులు టిఫిన్ డబ్బా పట్టుకుని స్టేషన్‌కు తిరిగింది. నన్ను వెంట తీసుకుపోయేది, ఒక్కతే పోవడానికి భయమై. అక్కడ వేపచెట్టు కింద ఒక బెంచీ. దాని మీద ఇంకో అమ్మ డబ్బా పట్టుకుని కూర్చుని ఉండేది. మొదటి రోజు ఈ చివర అమ్మ, ఆ చివర ఆమె, మధ్యలో నేను. రెండో రోజు ఆమె నన్నడిగింది, "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని. మూడో రోజు అమ్మ డబ్బాలో పప్పు కారితే ఆమె తన సంచిలోంచి పాత గుడ్డ తీసి ఇచ్చింది. తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు. పిల్లల గురించి కాదు. పచ్చళ్ల గురించి, నీళ్ల ట్యాంకరు గురించి, ఎవరి మోకాళ్లు ఎంత నొస్తున్నాయో దాని గురించి. లోపల కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు, బయట అమ్మలు తమలపాకులు పంచుకుంటున్నారు. ఆమే ఆ కన్ను పోయిన పిల్లగాడి అమ్మ అని నాకు మూడో రోజుదాకా తెలియదు. మా అమ్మకు మొదటి రోజే తెలుసు.

మా అన్నకు ఇప్పుడు యాభై దాటింది. ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నాడు. ఆ రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. అన్నం కలిపేటప్పుడు చూస్తే తెలుస్తుంది.

మరుసటి రోజు ఆదివారం. మధ్యాహ్నం అన్నాలయ్యాక టీవీలో 'శివ' పెట్టమన్నాను. మావాడు బిత్తరపోయాడు. "మమ్మీ నువ్వు చూస్తవా?" "చూస్త. నువ్వు కూడా చూడు. మొత్తం చూడు" అన్నాను. నవంబరులో దాన్ని 4కేలో మళ్లీ థియేటర్లలో వేశారు కదా, ఆ హడావిడిలోనే ఈ పిల్లల ఫోన్లలోకి ఆ ముక్కలన్నీ వచ్చి పడ్డాయి. అడిగితే తెలిసింది, వాడు సినిమా మొత్తం ఎన్నడూ చూడలేదు. చైన్ సీను, కాలేజీ మెట్లు, ఇళయరాజా మ్యూజిక్, అంతే. మా ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయన ఫోను రింగ్‌టోన్ చాలా ఏండ్లు ఆ మ్యూజిక్కే. కొడుకును కొట్టిన చేతిలోనే ఆ ఫోను ఉండేది, అది వేరే సంగతి.

మంచి సినిమానే అది, కాదనను. రాంగోపాల్ వర్మకు మొదటి సినిమా. విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాడు, తర్వాత హైదరాబాదులో వీడియో క్యాసెట్ల లైబ్రరీ నడిపినవాడు. కాలేజీ గొడవలంటే ఏందో, వాటి వెనక ఎవరెవరుంటారో చూసినవాడు తీశాడని తెలుస్తూనే ఉంటుంది. కాలేజీలో జేడీ అనే కుర్రాడు, వాడి వెనక ఊర్లో భవాని, భవాని వెనక రాజకీయ నాయకుడు. పోరగాళ్లు మేమే హీరోలమనుకుంటారు గానీ వాళ్లను నడిపేది ఇంకెవరో. ఇది మావాడికి నేను చెప్పలేదు. సినిమానే చెప్పింది. భవానిగా రఘువరన్ గట్టిగా మాట్లాడడు, అరవడు, అయినా ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి. జేడీగా వేసినాయన పేరు ఆ సినిమాతోనే జేడీ చక్రవర్తి అయింది.

తొమ్మిదేళ్లప్పుడు చూసిన సినిమా వేరు, నలభై నాలుగేళ్లకు చూసిన సినిమా వేరు. అప్పుడు నా కళ్లు నాగార్జున మీద, అమల బట్టల మీద ఉన్నాయి. ఇప్పుడు నా కళ్లు శివ అన్నా వదినల ఇంటి మీద పడ్డాయి. మరిది ఎప్పుడొస్తాడో తెలియని ఇల్లు. ఆ ఇంట్లో చిన్నపిల్ల కీర్తి. బాబాయి సైకిల్ మీద ఆ పిల్ల ఉండగా గూండాలు కారులో వెంటపడే సీను ఉంది చూశారా, దాన్ని అందరూ కెమెరా పనితనం అని మెచ్చుకుంటారు. నాకు కెమెరా కనబడలేదు. ఆ పిల్లే కనబడింది. చివరికి ఆ పిల్ల చనిపోతుంది. స్నేహితుడు మల్లి చనిపోతాడు. చైన్ గుంజినప్పుడు ఈల వేసిన మేమెవ్వరం ఆ లెక్క వేసుకోలేదు.

కీర్తి చనిపోయిన చోట మా చిన్నది లేచి నా ఒళ్లో తల పెట్టుకుంది. మావాడు టీవీ వైపు చూస్తూ, "ఈ సీను ఇన్‌స్టాల ఎవ్వడు పెట్టడు" అన్నాడు. నాతో అన్నాడా, వాడితో వాడే అనుకున్నాడా తెలియదు.

సినిమా అయిపోయాక గిన్నెలు తోముతుంటే నాకు ఒక సంగతి తట్టింది. అందులో అంతమంది కుర్రాళ్లున్నారు కదా, వాళ్లలో ఒక్కడి అమ్మ కూడా నా కళ్లకు గుర్తులేదు. శివకు అన్న, వదిన. జేడీ ఏ ఇంటి నుంచి వచ్చాడో, రాత్రి ఏం తిన్నాడో తెలియదు. భవాని మా అన్నలాగే ఎవరి కడుపునో పుట్టినవాడే కదా! అమ్మ ఉంటే సినిమా నడవదేమో. మొదటి దెబ్బ తగిలిన రాత్రే "కాలర్ ఎందుకు చినిగిందిరా" అని అడిగితే కథ ముందుకు పోదు.

పండుగ ముందు మా చెల్లె డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. దానికి అన్నీ చెప్పుకుంటాను, ఇదీ చెప్పాను. అది వెంటనే, "అక్కా, మా వాడికి స్కూల్ల ఇదే పాఠం నడుస్తున్నది" అంది. వాళ్ల ఏడో తరగతి పిల్లలతో స్కూల్లో ఒక నవల చదివిస్తున్నారట, పేరు 'ది అవుట్‌సైడర్స్'. అది సినిమాగా కూడా వచ్చింది, 1983లో. 'గాడ్‌ఫాదర్' తీసిన కొప్పోలానే తీశాడు. నాకు మొదట నచ్చింది సినిమా కాదు, ఆ నవల రాసినామె సంగతి. ఓక్లహామాలో టల్సా అనే ఊర్లో ఒక ఆడపిల్ల, పదిహేనేళ్లకే మొదలుపెట్టి రాసింది, తన స్కూల్లో ఉన్నోళ్ల పిల్లలకూ లేనోళ్ల పిల్లలకూ మధ్య గొడవలు చూసి. 1967లో అచ్చయింది. మగపిల్లల కొట్లాటల కథ ఆడపిల్ల రాసిందంటే చదవరేమోనని పేరు పూర్తిగా వేయకుండా ఎస్. ఇ. హింటన్ అని పొట్టి అక్షరాలు వేశారు. ఇంకో విచిత్రం, కొప్పోలా అంతటివాడితో ఆ సినిమా తీయించింది కాలిఫోర్నియాలో ఒక స్కూలు లైబ్రేరియన్, ఆ స్కూలు పిల్లలు. అందరూ సంతకాలు చేసి ఉత్తరం రాశారట, ఈ కథను నువ్వే తియ్యాలె అని. లైబ్రేరియన్ కూడా ఆడామెనే.

భోగి నాటి రాత్రి పెద్దోడూ నేనూ ఫోనులో కింద అక్షరాలు పెట్టుకుని అది చూశాం. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం, మధ్యమధ్యన వాడే చెప్పాడు. మా ఆయన పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. గ్రీజర్లని ఒక గుంపు, లేనోళ్లు. సోషులని ఇంకో గుంపు, కార్లున్నోళ్లు. పోనీబాయ్ అని పద్నాలుగేళ్ల పిల్లగాడు. వాడికీ అమ్మానాయినలు లేరు, యాక్సిడెంట్‌లో పోయారు. చూశారా, ఇక్కడ కూడా! పెద్దన్న పనికిపోయి ఇద్దరు తమ్ముళ్లను సాకుతుంటాడు. ఒకరోజు రాత్రి పోనీబాయ్ ఆలస్యంగా ఇంటికొస్తే, అప్పటిదాకా భయపడుతూ కూర్చున్న పెద్దన్న కోపం ఆపుకోలేక చెయ్యి చేసుకుంటాడు. వాడు ఇంట్లోంచి ఉరుకుతాడు. ఆ రాత్రి పార్కులో అవతలి గుంపు వాడి తల నీళ్లలో ముంచితే, స్నేహితుడు జానీ వాడిని కాపాడబోయి ఒకడిని కత్తితో పొడుస్తాడు. పొడిచినవాడికి పదహారేళ్లు.

ఆ దెబ్బ దగ్గర మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన పేపరు పక్కన పెట్టాడు. చాలాసేపటికి లేచి పోయి బయట ఆకిట్లో నిలబడ్డాడు. తెల్లారి భోగి పండ్ల గిన్నె మావాడి చేతికిస్తూ, "నొస్తున్నదారా?" అని అడిగాడు. కుట్లనడిగాడో చెంపనడిగాడో తెలియదు. వాడు "లేదు నాయినా" అన్నాడు.

ఇక మిగిలింది నా పని. సంక్రాంతి నాడు పొద్దున ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు పెట్టుకుని ఆ పిల్లగాడి ఇంటికి బయలుదేరాను. అత్తమ్మ వద్దంది. "వాళ్లేమంటరో ఏమో, ఎవరన్న చూస్తే ఇంకోటి అనుకుంటరు" అంది. ఆమె భయం తప్పు కాదు. నాకూ కాళ్లు వణికాయి. వాళ్లిల్లు నాలుగు గల్లీల అవతల. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, మాతో తెలుగే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు స్కూలు మీటింగుల్లో పక్కపక్కన కూర్చున్నవాళ్లమే, పదో తరగతి అయ్యాక పలకరింపులు తగ్గాయి.

ఆమె తలుపు తీసి లోపలికి రమ్మనలేదు. గడపలోనే నిలబడి, "కేసు పెడ్తరా?" అంది. నేను డబ్బా చూపించాను. ఆమె డబ్బా వైపు చూసి, నా వైపు చూసి, "మావానికి చెయ్యి చిట్లింది. మీవాడే నూకిండు" అంది. నేను, "మావానికి మూడు కుట్లు పడ్డయి వదినా" అన్నాను. కాసేపు ఇద్దరం అట్లనే నిలబడ్డాం, ఎవరి లెక్క ఎక్కువో చూసుకుంటున్నట్టు. తర్వాత ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోలీసులొస్తరేమోనని మూడు రాత్రులు నిద్రపోలే" అంది. నేనూ పోలేదని చెప్పాను. అప్పుడు జరిగింది గడప మీద నుంచి.

చాయ్ తాగాం. ఆమె చక్కెర ఎక్కువ వేస్తుంది, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ పిల్లగాడు లోపలి గదిలోంచి బయటికి రాలేదు, కానీ తలుపు సందులోంచి చెవులు ఇటే ఉన్నాయని నాకు తెలుసు. పిల్లల సంగతి మేము ఎక్కువ మాట్లాడలేదు. ఆమె దీపావళి నాటి మాట ఒకటి తీసింది. మా దగ్గర దీపావళికి గోండు గూడేల్లో దండారీ ఉంటుంది. తలల మీద నెమలి ఈకల టోపీలతో, ఒళ్లంతా బూడిద పూసుకుని గుస్సాడీలు, వాళ్ల వెంట డప్పులు, ఆ గూడెం మగపిల్లలంతా కలిసి ఇంకో గూడేనికి పోతారు. ఈమె పుట్టిల్లు మార్లవాయి దిక్కు. గుస్సాడీ కనకరాజు గారి ఊరు అది, 2021లో పద్మశ్రీ వచ్చినాయన, మొన్న 2024 అక్టోబరులో కాలం చేశారు. "మా చిన్నప్పుడు ఒక ఊరు పోరగాండ్లంత గుంపు కట్టి డప్పు కొట్టుకుంట ఇంకో ఊరికి వచ్చేటోళ్లు వదినా. వచ్చినోళ్లకు ఎదురుపోయి కాళ్లకు నీళ్లిచ్చి అన్నం పెడ్తరు. నేను గోడ ఎక్కి చూసేదాన్ని. ఇప్పుడు గుంపు కనబడితే తలుపు ఏసుకుంటున్న" అంది. నేనేమంటాను. చాయ్ కప్పు కింద పెట్టాను.

వచ్చేటప్పుడు ఒకటే మాటనుకున్నాం. బస్సులో మళ్లీ ఏమన్నా అయితే ముందు నేను ఆమెకు, ఆమె నాకు ఫోన్ చేయాలె. నంబర్లు రాసుకున్నాం. ఎనిమిదేండ్లు పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నా మా ఇద్దరి దగ్గర ఒకరి నంబరు ఒకరికి లేదు చూడండి.

ఇంటికొచ్చి చూస్తే రీలు లేదు. తీసేశాడు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. మా చిన్నది మాత్రం, "తీసేసిండు గని, స్క్రీన్‌షాట్లు ఉన్నయి మమ్మీ అందరి దగ్గర" అంది. దీని నోటికి తాళం వేయాలి.

మర్నాడు కనుమ. పొద్దున పదింటికి గేటు చప్పుడైంది. ఆ పిల్లగాడు. ఎడమ చేతికి కట్టు, కుడిచేతిలో మా స్టీలు డబ్బా. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను, బయటికి పోలేదు. మావాడు గేటు దగ్గరికి పోయాడు. ఇద్దరూ రెండు అడుగుల దూరంలో నిలబడ్డారు. ఒకడి కనుబొమ్మ వాపు ఇంకా తగ్గలేదు, ఒకడి చెయ్యి మెడకు వేలాడుతోంది.

"మా అమ్మ డబ్బా ఇచ్చిరమ్మన్నది" అన్నాడు వాడు.

మావాడు తీసుకున్నాడు. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వరు కదా, మూత తీసి చూశాడు. నువ్వులు, బెల్లం ఉండలు, వాళ్ల తిల్‌గుల్.

"రనౌట్ కాదురా అది" అన్నాడు వాడు పోబోతూ.

"అవుటే" అన్నాడు మావాడు, నోట్లో ఒక ఉండ వేసుకుంటూ. "బ్యాట్ క్రీజ్ మీదనే ఉండె."

"క్రీజ్ లోపలుండె."

నేను స్టవ్ కట్టేసి, అటుకులు ఎక్కడ పెట్టానా అని వెతికాను.